కాయిన్ సెల్ మీద నడిచే బీఎల్ఈ ట్యాగ్ ఎన్నాళ్లు వస్తుంది? మీరే లెక్క కట్టే పద్ధతి

"సీఆర్2032 వేస్తే ఎన్ని రోజులు వస్తుందండీ?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సీఆర్2032 అంటే నాణెంలా ఉండే 3 వోల్టుల కాయిన్ సెల్. బీఎల్ఈ అంటే తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్, దాంతో సమాచారం పంపే చిన్న పరికరమే ట్యాగ్. అడిగేవాళ్లలో సగం మంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు. మిగతావాళ్లు ఇంట్లోనో షాపులోనో చిన్న సెన్సర్ పెట్టుకుందామనుకునేవాళ్లు. అందరూ ఒక లెక్క వేసుకునే వస్తారు. కొందరు సెల్‌లో ఉండే 225 ఎంఏహెచ్‌ని (మిల్లీ ఆంప్ గంటలు) రేడియో తాగే 5.3 మిల్లీ ఆంపులతో భాగించి 42 గంటలే వస్తుందని డీలా పడతారు. ఇంకొందరు అదే 225ని చిప్ నిద్రలో తాగే 1.9 మైక్రో ఆంపులతో (స్లీప్ కరెంటు) భాగించి 13 ఏళ్లు వస్తుందని సంబరపడతారు. రెండూ తప్పే. అసలు జవాబు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. అది డేటాషీట్‌లో దొరకదు, మీ బోర్డు మీద కొలిస్తేనే తెలుస్తుంది.

ఉదాహరణగా మా ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న ట్యాగ్‌నే తీసుకుంటాను. అమ్మ ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోయినా, తలుపు సరిగ్గా పడకపోయినా తెలియాలని పెట్టాను. లోపల ఎన్‌ఆర్‌ఎఫ్52832 చిప్, బీఎంఈ280 సెన్సర్, తలుపు కోసం ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్), ఒక సీఆర్2032 ఉన్నాయి. సెకనుకోసారి అడ్వర్టైజ్ చేస్తుంది, అంటే తన సమాచారాన్ని రేడియోలో అందరికీ వినిపించేలా పంపుతుంది, నిమిషానికోసారి ఉష్ణోగ్రత చూస్తుంది. మొదటిసారి ఏడాది పైన వస్తుందని లెక్క కట్టి పెడితే 27వ రోజున ఆగిపోయింది. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

కావాల్సినవి

- మీ ట్యాగ్, దాని ప్రోగ్రాం మార్చి మళ్లీ ఎక్కించే వీలు
- 200 మిల్లీ వోల్టుల రేంజ్ ఉన్న మల్టీమీటర్
- 1 కిలో ఓమ్ రెసిస్టర్, 2200 మైక్రో ఫారడ్ కెపాసిటర్, ఒక జంపర్ వైరు (హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో మూడూ ఒకే చోట దొరుకుతాయి)
- ఒకటే రకం కొత్త కాయిన్ సెల్స్ రెండు, మూడు
- కాగితం, పెన్ను

నార్డిక్ వాళ్ల పవర్ ప్రొఫైలర్ కిట్ 2 కాలేజీ ల్యాబ్‌లో ఉంటే ఇంకా మంచిది. 200 నానో ఆంపుల నుంచి 1 ఆంపు దాకా కొలుస్తుంది, ప్రతి పల్స్ గ్రాఫ్‌లో కనిపిస్తుంది. లేకపోయినా పని ఆగదు.

ఒక జాగ్రత్త. ఇంట్లో చిన్నపిల్లలుంటే విడి సెల్స్ బల్ల మీద వదలొద్దు. పిల్లలు మింగినప్పుడు అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

1. ట్యాగ్ చేసే పనులు కాగితం మీద రాయండి

ఏ ట్యాగ్ అయినా మూడు రకాలుగా బ్యాటరీ తాగుతుంది. ఒకటి, ఎప్పుడూ ఉండే నిద్ర కరెంటు. రెండు, రేడియో పల్స్. మూడు, సెన్సర్ చదివే పల్స్. నిద్రని మైక్రో ఆంపుల్లో రాయండి. పల్స్‌లని మైక్రో కూలంబుల్లో రాయండి, అంటే కరెంటుని అది ఉన్న సమయంతో హెచ్చవేసిన మొత్తం. మీకు కావాల్సిన సూత్రం ఒక్కటే: సెకనుకి ఒక మైక్రో కూలంబు ఖర్చయితే అది సగటున ఒక మైక్రో ఆంపు. 13 మైక్రో కూలంబుల పల్స్ సెకనుకోసారి వస్తే సగటు 13 మైక్రో ఆంపులు, పది సెకన్లకోసారి వస్తే 1.3.

2. కొలిచే ముందు బోర్డుని ఖాళీ చేయండి

ఇది చేయకుండా కొలిచిన అంకెలు నాకు చూపించేవాళ్లే ఎక్కువ.

- యూఆర్టీ లాగ్‌లు (చిప్ సీరియల్ వైరు మీద కంప్యూటర్‌కి పంపే సందేశాలు) పూర్తిగా ఆపేయండి. రిసీవర్ తెరిచి ఉంటే చిప్ లోపలి క్లాక్ నడుస్తూనే ఉండి వందల మైక్రో ఆంపులు పోతాయి.
- పవర్ ఎల్ఈడీ ఉంటే దాని రెసిస్టర్ పీకేయండి.
- ప్రోగ్రాం ఎక్కించాక డీబగ్గర్ వైర్లు తీసి, కరెంటు పూర్తిగా తీసేసి మళ్లీ ఇవ్వండి. డీబగ్ మోడ్‌లో ఇరుక్కున్న చిప్ నిద్రపోయినట్టే కనిపిస్తుంది గానీ నిజంగా నిద్రపోదు.
- బోర్డు మీద వోల్టేజ్ రెగ్యులేటర్ ఉందేమో చూడండి. చౌక బోర్డుల మీద ఉండే 1117 రకం రెగ్యులేటర్ ఏ పనీ లేకపోయినా కొన్ని మిల్లీ ఆంపులు తాగుతుంది. కాయిన్ సెల్‌ని రెగ్యులేటర్ దాటించి నేరుగా చిప్‌కి ఇవ్వండి.

వైఫై, బ్లూటూత్ రెండూ ఉండే ఈఎస్పీ32 బోర్డుని కాయిన్ సెల్ మీద నడపొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. దాని రేడియో పనిచేసేటప్పుడు 100 మిల్లీ ఆంపుల దగ్గర లాగుతుంది, సీఆర్2032 అంత ఇవ్వలేదు. ఆ బోర్డే కావాలంటే లిథియం అయాన్ బ్యాటరీకి వెళ్లండి.

3. ముందు నిద్ర కరెంటు కొలవండి

అడ్వర్టైజింగ్, సెన్సర్ రెండూ ఆపేసిన ప్రోగ్రాం ఒకటి ఎక్కించండి. తర్వాత ఇలా కలపండి: సెల్ ప్లస్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని అవతలి కొన నుంచి ట్యాగ్ ప్లస్. ట్యాగ్ ప్లస్, మైనస్‌ల మధ్య 2200 మైక్రో ఫారడ్ కెపాసిటర్, దాని ధ్రువాలు చూసుకుని. రెసిస్టర్ రెండు కొనల మధ్య మల్టీమీటర్, 200 మిల్లీ వోల్టుల రేంజ్‌లో. ఇప్పుడు మీటరు మీద కనిపించే ఒక్కో మిల్లీ వోల్టు ఒక్కో మైక్రో ఆంపు. పల్స్‌ల కరెంటుని కెపాసిటర్ ఇస్తుంది, రెసిస్టర్‌లో సగటు మాత్రమే పారుతుంది.

రెండు సంగతులు మర్చిపోకండి. ట్యాగ్ లేచేటప్పుడు మిల్లీ ఆంపులు లాగుతుంది కాబట్టి మొదట రెసిస్టర్‌కి అడ్డంగా జంపర్ పెట్టి, ట్యాగ్ నిద్రలోకి వెళ్లాక తీయండి. రెండోది, కెపాసిటర్ కూడా కొంత కారుతుంది. ట్యాగ్ తగిలించకుండా దాన్ని ఓ గంట అలాగే ఉంచి, అప్పుడు కనిపించే అంకెని రాసుకుని, తర్వాత వచ్చే కొలతల్లోంచి దాన్ని తీసేయండి.

మల్టీమీటర్‌ని నేరుగా మైక్రో ఆంపుల రేంజ్‌లో పెడితే సరిపోదా? ఆ రేంజ్‌లో మీటరు లోపల వంద ఓమ్‌లో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. 5 మిల్లీ ఆంపుల పల్స్ రాగానే అర వోల్టు అక్కడే పడిపోయి ట్యాగ్ రీసెట్ అవుతుంది. మీటరేమో ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. నమ్మి మోసపోతాం.

ఇప్పుడు నా ట్యాగ్ 27వ రోజున ఎందుకు ఆగిందో చెబుతాను. రీడ్ స్విచ్‌కి చిప్ లోపలి పుల్-అప్ (పిన్నుని ప్లస్‌కి కలిపి ఉంచే రెసిస్టర్) వాడాను. అది సుమారు 13 కిలో ఓమ్‌లు. ఫ్రిజ్ తలుపు రోజులో 23 గంటల పైనే మూసి ఉంటుంది. మూసి ఉన్నంతసేపూ అయస్కాంతం దగ్గరగా ఉండి స్విచ్ కలిసే ఉంటుంది. అంటే సెల్ 3 వోల్టుల నుంచి 13 కిలో ఓమ్‌ల మీదుగా కరెంటు నేరుగా మైనస్‌కి పోతోంది. అది 230 మైక్రో ఆంపులు. రేడియో, సెన్సర్, నిద్ర అన్నీ కలిపి తాగేదానికి పధ్నాలుగు రెట్లు! నేను బల్ల మీద పరీక్షించినప్పుడు అయస్కాంతం పక్కన లేదు, స్విచ్ విడిగా ఉంది. అందుకే ఆ కారడం నాకు కనిపించలేదు.

కాబట్టి నిద్ర కరెంటుని మీ ట్యాగ్ రోజులో ఎక్కువసేపు ఏ స్థితిలో ఉంటుందో ఆ స్థితిలోనే కొలవండి. తలుపు సెన్సర్‌ని అయస్కాంతం పక్కన పెట్టి, బటన్ ఉన్నదాన్ని బటన్ నొక్కకుండా, కదలిక పట్టేదాన్ని కదలకుండా ఉంచి. నేను లోపలి పుల్-అప్ ఆపేసి బయట 4.7 మెగా ఓమ్ పెట్టాను, 230 కాస్తా 0.6కి దిగింది. అంత పెద్ద రెసిస్టర్ వద్దనుకుంటే, అయస్కాంతం దగ్గరికొస్తే విడిపోయే రకం రీడ్ స్విచ్ వాడండి. లేదా పుల్-అప్‌ని సెకనుకోసారి క్షణం పాటు పెట్టి, చదివి, తీసేయండి.

నా ట్యాగ్‌లో ఇప్పుడు చిప్ 1.9, సెన్సర్ 0.1, స్విచ్ 0.6, వెరసి 2.6 మైక్రో ఆంపులు. మీది 10 దాటితే ముందుకు వెళ్లకండి. ఎక్కడో ఒక పిన్ను కారుతోంది, దాన్ని పట్టుకోండి.

4. ఒక అడ్వర్టైజింగ్‌కి ఎంత ఖర్చో కొలవండి

అడ్వర్టైజింగ్ సెకనుకోసారి పెట్టి, అదే అమరికతో మళ్లీ కొలవండి. అంకెలు కొంచెం ఊగుతాయి. పది రీడింగ్‌లు రాసుకుని సగటు తీయండి. అందులోంచి నిద్ర కరెంటు తీసేసి, మిగిలినదాన్ని ఇంటర్వెల్‌తో (రెండు పల్స్‌ల మధ్య సమయం, సెకన్లలో) హెచ్చవేస్తే ఒక్క పల్స్ ఖర్చు మైక్రో కూలంబుల్లో వస్తుంది. ఇంటర్వెల్ 1 సెకను అని పెట్టినా చిప్ ప్రతిసారీ 0 నుంచి 10 మిల్లీ సెకన్లు అదనంగా కలుపుతుంది, కాబట్టి 1.005 అనుకోండి.

వచ్చిన అంకె సబబుగా ఉందో లేదో చూసుకోవడానికి చిన్న లెక్క. 31 బైట్ల డేటా ఉన్న ప్యాకెట్ మొత్తం 47 బైట్లు, 376 మైక్రో సెకన్లు పడుతుంది. మూడు ఛానళ్లలో 5.3 మిల్లీ ఆంపుల చొప్పున పంపితే 6 మైక్రో కూలంబులు. ప్రతి ఛానల్లో ఎవరైనా జవాబిస్తారేమోనని కాసేపు వినడానికి మూడూ కలిపి దాదాపు 3. రేడియో లేవడానికి, ప్రాసెసర్‌కి ఇంకో 4. మొత్తం 13 దగ్గర. మీ కొలత 25 దాకా వస్తే చిప్‌లోని డీసీ-డీసీ కన్వర్టర్ (వోల్టేజ్‌ని తక్కువ నష్టంతో దించే భాగం) ఆన్ చేయలేదని అర్థం చేసుకోండి, అది లేకపోతే రేడియో రెట్టింపు లాగుతుంది. అయితే ఒక హెచ్చరిక: దానికి బోర్డు మీద ఇండక్టర్లు ఉండాలి. లేని మాడ్యూల్‌లో ఆన్ చేస్తే చిప్ పనిచేయడం మానేస్తుంది.

5. సెన్సర్ పల్స్

ఇది చాలా ట్యాగ్‌లలో చిన్నదే. 10 మిల్లీ సెకన్ల పాటు 1 మిల్లీ ఆంపు అంటే 10 మైక్రో కూలంబులు, నిమిషానికోసారి కాబట్టి సగటు 0.2 మైక్రో ఆంపులు. చదివాక సెన్సర్‌ని నిద్ర మోడ్‌కి పంపుతున్నారా అన్నదొక్కటి చూసుకోండి.

6. బ్యాటరీలో నిజంగా వాడుకోగలిగేది ఎంత?

పేరున్న సీఆర్2032 మీద 225 ఎంఏహెచ్ అటూ ఇటూగా ఉంటుంది. ఆ అంకె చిన్న లోడుతో, గది ఉష్ణోగ్రతలో, 2 వోల్టుల దాకా దించి కొలిచింది. మన ట్యాగ్ అలా మెల్లగా తాగదు, పల్స్‌లుగా లాగుతుంది. సెల్ కొత్తగా ఉన్నప్పుడు లోపలి నిరోధం పది, ఇరవై ఓమ్‌లు ఉంటుంది. అయిపోవస్తున్నకొద్దీ, చలి పెరిగేకొద్దీ బాగా పెరుగుతుంది. అప్పుడు సెల్‌లో ఇంకా మిగిలి ఉన్నా, పల్స్ వచ్చిన క్షణంలో వోల్టేజ్ కుంగిపోయి చిప్ రీసెట్ అవుతుంది.

అందుకే గదిలో ఉండే ట్యాగ్‌కి నేను 80 శాతమే లెక్క వేస్తాను, అంటే 180 ఎంఏహెచ్. ఫ్రిజ్‌లో పెట్టేదానికి 70 శాతం, 157. బోర్డు మీద అన్నిటికన్నా ఎక్కువ వోల్టేజ్ అడిగే భాగం ఏదో కూడా చూడండి. చిప్ 1.7 వోల్టుల దాకా నడిచినా, సెన్సర్‌కి 2.7 కావాలంటే మీ బ్యాటరీ 2.7 దగ్గరే అయిపోయినట్టు.

సెల్ పక్కనే 47 లేదా 100 మైక్రో ఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెడితే పల్స్ కుంగుడు తగ్గుతుంది. చౌక ఎలక్ట్రోలైటిక్ మాత్రం పెట్టొద్దు. అదే రెండు, మూడు మైక్రో ఆంపులు కారిస్తే మీ నిద్ర కరెంటు రెట్టింపైనట్టే.

కొనేటప్పుడు ఎల్ఐఆర్2032 అని రాసి ఉంటే తీసుకోకండి. అది రీచార్జి సెల్, నిండుగా ఉంటే 4.2 వోల్టులు. ఎన్‌ఆర్‌ఎఫ్52832 తట్టుకునేది 3.6 వరకే. పైగా అందులో ఉండేది 40 ఎంఏహెచ్ దగ్గరే.

7. ఇప్పుడు భాగించండి

నా ట్యాగ్ లెక్క:

- అడ్వర్టైజింగ్: 12.9
- నిద్ర: 2.6
- సెన్సర్: 0.2
- సెల్ తనంతట తాను కారిపోయేది, ఏడాదికి 1 శాతం చొప్పున: 0.3
- మొత్తం: 16 మైక్రో ఆంపులు

180 ఎంఏహెచ్ అంటే 1,80,000 మైక్రో ఆంప్ గంటలు. 16తో భాగిస్తే 11,250 గంటలు, 469 రోజులు. ఫ్రిజ్ లెక్కన 157 వేస్తే 409 రోజులు. పాత పుల్-అప్ కారడాన్ని ఇందులో వేసి చూడండి: మొత్తం 246 అవుతుంది, 180తో లెక్కేసినా 30 రోజులు. నా ట్యాగ్ 27 రోజులే ఎందుకు వచ్చిందో ఈ ఒక్క భాగహారం చెప్పేసింది.

ఇంటర్వెల్ మారిస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఆపిల్ వాళ్ల ఐబీకన్ పద్ధతిలో 100 మిల్లీ సెకన్లకోసారి పంపితే మొత్తం 127 మైక్రో ఆంపులై 59 రోజులకే అయిపోతుంది. పది సెకన్లకోసారి పంపితే నాలుగున్నరేళ్ల పైన వస్తుంది. అయితే అక్కడ రేడియో వాటా 1.3 మాత్రమే, మిగతాదంతా నిద్ర. ఆ దశలో ఇంటర్వెల్ ఇంకా పెంచి లాభం లేదు, కారుతున్న పిన్నులు వెతుక్కోవాలి. లెక్కలో ఐదేళ్లు దాటిన అంకె ఏది వచ్చినా నేను ఎవరికీ మాటివ్వను.

8. తక్కువొస్తే ఎక్కడ కోయాలి

ఇంటర్వెల్ పెంచడమొక్కటే దారి కాదు. ఫ్రిజ్ ట్యాగ్‌కి ఎవరూ కనెక్ట్ అవ్వక్కర్లేదు, వినిపిస్తే చాలు. కనెక్టబుల్ (ఫోన్‌ని కనెక్ట్ కానివ్వడం), స్కాన్ రెస్పాన్స్ (అడిగినవాళ్లకి అదనపు సమాచారం ఇవ్వడం) రెండూ ఆపేస్తే వినే పని పోయి 3 మైక్రో కూలంబులు మిగులుతాయి. డేటా 31 బైట్ల నుంచి 12కి తగ్గిస్తే ఇంకో 2.4. పల్స్ 7.6కి దిగి, సెకనుకోసారి పంపుతూనే 180 ఎంఏహెచ్ మీద 700 రోజులు వస్తుంది. పేరు, తయారీ వివరాలు ప్రతి ప్యాకెట్‌లో మోయించడం మానేయండి.

ఫ్రిజ్ ఇనప డబ్బా, సిగ్నల్ అందక పవర్ పెంచాలంటే భయపడొద్దు. 0 నుంచి ప్లస్ 4 డీబీఎంకి (రేడియో పవర్ కొలత) వెళ్తే 5.3 మిల్లీ ఆంపులు 7.5 అవుతాయి గానీ, అది పంపే క్షణాలకే కాబట్టి పల్స్ మీద పెరిగేది రెండున్నర మైక్రో కూలంబులే.

9. మీది ఎప్పుడూ ఫోన్‌కి కనెక్ట్ అయి ఉండే పరికరమైతే

అప్పుడు అడ్వర్టైజింగ్ బదులు కనెక్షన్ ఇంటర్వెల్‌తో లెక్క వేయాలి. ఫోన్, పరికరం పంపడానికేమీ లేకపోయినా పలకరించుకునే ఖాళీ కనెక్షన్ ఈవెంట్ ఒక్కోటి 6 మైక్రో కూలంబులు అనుకుందాం. ఇంటర్వెల్ 30 మిల్లీ సెకన్లుంటే సగటు 200 మైక్రో ఆంపులు, 37 రోజుల్లో బ్యాటరీ ఖాళీ. స్లేవ్ లేటెన్సీ 30 పెడితే చెప్పడానికి ఏమీ లేనప్పుడు 30 ఈవెంట్లు వదిలేసి 930 మిల్లీ సెకన్లకోసారి మాత్రమే లేస్తుంది, ఆ 200 కాస్తా 6.5 అవుతుంది. కానీ ఇంటర్వెల్ ఎంతన్నది తేల్చేది ఫోనే, మీరు అడగగలరంతే. ఐఫోన్ అయితే ఇంటర్వెల్‌ని లేటెన్సీ ప్లస్ ఒకటితో హెచ్చవేసినది 2 సెకన్లు దాటితే ఒప్పుకోదు. మీరు అడిగింది కాకుండా ఫోన్ నిజంగా ఇచ్చిన విలువని లాగ్‌లో చూసి, దాన్ని లెక్కలో వేయండి.

10. లెక్క నిజమో కాదో చూడండి

మొత్తం ట్యాగ్‌ని మామూలుగా నడిపించి, మూడో మెట్టు అమరికతోనే ఒకసారి మొత్తం సగటు కొలవండి. కాగితం మీద 16 ఉంటే మీటరు మీద 15 నుంచి 18 మధ్య రావాలి. తేడా ఎక్కువుంటే మీరు లెక్కలో రాయని పని ఏదో ట్యాగ్ చేస్తోంది.

తర్వాత రెండో ట్యాగ్‌లో ఇంటర్వెల్ 100 మిల్లీ సెకన్లు పెట్టి పక్కన నడపండి. 59 రోజులు రావాలి. 50 నుంచి 65 మధ్య వస్తే మీ పల్స్ లెక్క, బ్యాటరీ లెక్క రెండూ సరైనవే. నిద్రలో కారే కరెంటు మాత్రం ఈ పరీక్షలో సరిగ్గా బయటపడదు, దానికి మూడో మెట్టు తప్ప వేరే దారి లేదు.

బ్యాటరీ శాతం చూసి అంచనా వేయకండి. సీఆర్2032 జీవితంలో ఎక్కువ భాగం 2.9, 3 వోల్టుల మధ్యే నిలబడి ఉంటుంది. 100 శాతం అని నెలల తరబడి చూపించి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజ్ పంపాలనుకుంటే రేడియో పల్స్ అయిన వెంటనే కొలిచింది పంపండి. కొత్తలో 2.9 ఉన్నది 2.4కి దిగితే సెల్ మార్చే రోజు దగ్గరపడినట్టు. తెల్లవారుజామున మాయమై ఎండ ఎక్కాక మళ్లీ కనిపించే ట్యాగ్ కూడా అదే చెబుతోంది: చలికి సెల్ కుంగి చిప్ రీసెట్ అవుతోంది.

సెల్ వేసిన రోజే మూత లోపల మార్కర్‌తో తేదీ, కొలిచిన సగటు, లెక్కలో వచ్చిన రోజులు రాసేయండి. మా ఫ్రిజ్‌లో ఉన్న డబ్బీ మూత మీద ఆ మూడింటి కింద ఇంకో తేదీ కూడా ఉంటుంది, లెక్క ప్రకారం అయిపోవడానికి రెండు నెలల ముందుది. ఆ రోజు సెల్ ఇంకా బాగానే ఉన్నా మార్చేస్తాను. తీసిన సెల్‌ని పారేయకుండా గదిలో ఉన్న ఇంకో ట్యాగ్‌లో వేస్తాను.